హ్యాంగర్‌లో ఆర్పిన లైటు

నలభై ఏళ్ళ కాపురంలో మా ఆయనకి నేను నేర్పలేకపోయిన విద్య ఒకటుంది. గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు లైటు ఆర్పడం. మనిషి మెకానికల్ ఇంజినీరు. షికాగో చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ముప్ఫై ఏళ్ళు పెద్ద పెద్ద యంత్రాలని లొంగదీసినవాడు. కానీ బేస్‌మెంట్‌లోంచి పైకి వస్తే బేస్‌మెంట్ లైటు, గరాజ్‌లోంచి వస్తే గరాజ్ లైటు వెలుగుతూనే ఉండాలి. నేను వెనకాలే తిరిగి ఆర్పుకుంటూ, "ఇది ఇల్లా, పెళ్ళి పందిరా?" అని సణిగేదాన్ని. మా పుట్టింట్లో ఎవరూ లేని గదిలో బల్బు వెలుగుతుంటే, ఆఖరున బయటికి వచ్చిన వాళ్ళ వీపు మోగించేది మా అమ్మ. ఆ భయం అమెరికా వచ్చినా నన్ను వదల్లేదు. గుమ్మం దాటుతుంటే నా చెయ్యి దానంతట అదే స్విచ్ మీదికి పోతుంది.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది దీనివల్లే.

యాభై ఏళ్ళు వచ్చాక ఆయనకి విమానం పిచ్చి పట్టుకుంది. ఆ వయసులో కొందరికి గోల్ఫ్ పడుతుంది, కొందరికి భక్తి పడుతుంది. ఈయన పైలట్ లైసెన్స్ తెచ్చుకుని, నలుగురు కూర్చునే పాత విమానం ఒకటి కొన్నారు. ముక్కు మీద ఒకే ఒక్క ఇంజిన్, తలుపు వేస్తే పాత బీరువా వేసిన చప్పుడు. షామ్‌బర్గ్‌లో మా ఇంటి నుంచి పడమటికి నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తే మొక్కజొన్న పొలాల మధ్య చిన్న ఎయిర్‌పోర్ట్ ఉంది. అక్కడ ఒక రేకుల షెడ్డు అద్దెకి తీసుకున్నారు. దాన్ని హ్యాంగర్ అనాలట. ప్రతి శనివారం పొద్దున్నే తల దువ్వుకుని బయల్దేరేవారు. నేను దానికి సవతి అని పేరు పెట్టాను.

"ఇవాళ కూడా సవతి దగ్గరికేనా?" అంటే, "నువ్వూ రావే, ముగ్గురం కలిసి వెళ్దాం" అనేవారు.

నేను వెళ్ళలేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఎక్కలేదు. నాకు భయం. కారు పాడైతే పక్కకి తీసి ఆపుకోవచ్చు, ఆకాశంలో ఎక్కడ ఆపుకుంటారు? ఇండియా వెళ్ళే పెద్ద విమానంలోనే కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని, ఈ తగరపు డబ్బాలో కూర్చుంటానా? మా అమ్మాయి ఎక్కింది, అల్లుడు ఎక్కాడు, మా వీధిలో పిల్లలందరూ "అంకుల్, అంకుల్" అని వెంటపడి ఎక్కారు. మొదట్లో ఆయన బతిమాలారు. తర్వాత వేళాకోళం చేశారు. ఆఖరికి అడగడం మానేశారు. అడగడం మానేసినందుకు నేను సంతోషించాను, అదీ నా తెలివి.

విమానం గురించి నాకు తెలిసిందంతా దాన్ని తిట్టడానికి తెలుసుకున్నదే. చలికాలంలో దాని గోల మరీ ఎక్కువ. మా ఇల్లినాయ్ చలికి ఇంజిన్‌లో ఆయిల్ చలికాలపు నెయ్యిలా గడ్డకట్టుకుపోతుందని ఆయన చెప్పేవారు. అలాంటప్పుడు బలవంతంగా స్టార్ట్ చేస్తే, ఆయిల్ కదిలి పైకి చేరేలోపు లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుంటుందట. "ఆ మొదటి నిమిషంలోనే దాని ఆయుష్షు సగం పోతుందే" అనేవారు, ఎవరో పసిబిడ్డ గురించి చెప్పినట్టు. అందుకని ఇంజిన్‌కి అడుగున ఒక కరెంటు హీటరు అతికించి ఉంటుంది. ఎగరాలంటే ముందు రోజు సాయంత్రమే వెళ్ళి ప్లగ్ పెట్టి, ముక్కు మీద మందంగా ఏదైనా కప్పి రావాలి. తెల్లవార్లూ నెమ్మదిగా వెచ్చబడుతుంది. కనీసం ఆరు గంటలైనా పట్టాల్సిందే.

ఆ కప్పే దుప్పటి నేను కుట్టిందే. నాలుగు పాత నూలు చీరలు, చిరిగిపోయిన ఒక కంఫర్టర్ దుప్పటి కలిపి బొంత కుట్టాను. బజారులో దొరికేవి ఆ ముక్కుకి సరిగ్గా పట్టడం లేదని ఆయన అంటుంటే విని, కొలతలు రాసిమ్మన్నాను. ఎక్కనని మొండికేసిన దాన్ని బొంత ఎందుకు కుట్టానో నాకే తెలియదు. మా మనవడికి కుట్టిన దానికన్నా శ్రద్ధగా కుట్టాను.

ఇంకొక్క సంగతి కూడా చెప్పాలి. చెప్పకుండా దాటేస్తే ఈ రాత అబద్ధం అవుతుంది. చాలా ఏళ్ళ కిందట ఒక చలికాలం సాయంత్రం, ఎవరింటికో భోజనానికి వెళ్ళి వస్తూ ఆ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఆగాం. మా షెడ్డు తలుపు సందుల్లోంచి వెలుగు కనిపించింది.

"ఎవరూ లేని షెడ్డులో లైటెందుకండీ? అక్కడ కూడా మీ అలవాటు పోనిచ్చుకోలేదా?" అన్నాను.

"ఆ ప్లగ్గూ లైటూ ఒకే స్విచ్ మీద ఉన్నాయే. లైటు ఆర్పితే హీటరు కూడా ఆగిపోతుంది" అన్నారాయన.

"ఇంత ఇంజినీరు అయ్యుండి అది మార్పించుకోలేరా?"

"అద్దె షెడ్డు కదా. స్విచ్ మీద టేపు వేశాన్లే, ఎవరూ ముట్టుకోకుండా."

కాబట్టి నాకు తెలియదని నేను అనలేను. విన్నాను. ఆ సాయంత్రం విని, వెటకారం చేసి, మర్చిపోయాను.

రెండు వేల పది వచ్చేసరికి ఆయనకి డెబ్బై రెండు. షుగర్ మాత్రలకి లొంగడం మానేసింది. ఇన్సులిన్ మొదలుపెట్టాలని డాక్టరు చెప్పాడు. పైలట్లకి మెడికల్ అని ఒక సర్టిఫికెట్ ఉంటుంది, ఆరోగ్యం బాగుందని పరీక్ష చేసి ఇచ్చేది. అది లేకపోతే ఎగరకూడదు. ఆయనది జనవరి ఆఖరికి అయిపోతుంది. ఇన్సులిన్ మీద ఉంటూ మళ్ళీ అది సంపాదించడం అంటే ఏడాది పొడుగునా కాగితాలు పంపుకుంటూ కూర్చోవాలి. ఒకరోజు పొద్దున్న ఇడ్లీ తింటూ, తలెత్తకుండా చెప్పారు.

"ఈ నెలాఖరుకి మెడికల్ ఎక్స్‌పైర్ అయిపోతుంది. ఇంక రెన్యూ చేయను. విమానం అమ్మేస్తాను, ఒకతను కొంటానంటున్నాడు. ఫిబ్రవరి నుంచి ఇన్సులిన్ స్టార్ట్ చేస్తా."

అంతే అన్నారు. నన్ను రమ్మని అడగలేదు. అడిగి ఉంటే అలవాటుగా కాదనేదాన్నేమో. చట్నీ గిన్నె ఆయన ముందుకి జరుపుతూ, "ఆఖరిసారి వెళ్ళేటప్పుడు నేనూ వస్తాను" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నాకే ఆశ్చర్యం వేసింది. ఆయన నా వంక చూసి, "నిజంగానా?" అన్నారు. ఆ గొంతు నేను పెళ్ళయిన కొత్తలో విన్న గొంతు.

ఆ నెలలో ఒక్క రోజు కూడా కలిసి రాలేదు. ఒకసారి మంచు, ఒకసారి గాలి, ఒకసారి నేలబారు మబ్బు. మిగిలింది నెల ఆఖరు రోజు, ఆదివారం. శుక్రవారం నుంచి కంప్యూటర్ ముందు కూర్చుని వాతావరణం చూసుకున్నారు. ఆదివారం పొద్దున ఎండగా ఉంటుంది, చలి మాత్రం చంపేస్తుంది, పదకొండు దాటాక మంచు మొదలవుతుంది అని తేలింది. ఎనిమిదిన్నరకి బయల్దేరితే ఒక గంట తిరిగి వచ్చేయొచ్చు.

"పైన ఏముంటుందండీ చూడ్డానికి?" అని అడిగాను.

"మన ఇల్లు కనిపిస్తుంది. నువ్వు పని చేసిన హాస్పిటల్ కనిపిస్తుంది. నీ ల్యాబ్ కిటికీ ఎటువైపో నువ్వే చూపించాలి నాకు."

ఇరవై ఎనిమిదేళ్ళు ఆ ల్యాబ్‌లో నెత్తురు పరీక్షలు చేశాను. ఆయన ఒక్కసారి కూడా లోపలికి రాలేదు, కింద కారులోనే కూర్చుని నా కోసం చూసేవారు. పైనుంచి ఎగురుతూ ఆ కిటికీ ఏదా అని వెతికేవారని అప్పుడే నాకు తెలిసింది.

శనివారం సాయంత్రం ఇద్దరం కలిసి ప్లగ్ పెట్టడానికి వెళ్ళాం. షెడ్డు లోపల చలి బయటికన్నా నయంగా ఏమీ లేదు. ఆయన పొడవాటి వైరు తెచ్చి ఇంజిన్‌కి తగిలించారు. చిన్న ఎర్ర దీపం వెలిగింది. నేను బొంత కప్పాను. నా పెళ్ళినాటి చీర అంచు ఒకటి ఆ ముక్కు మీద పడింది. ఆయన లోపలికి వంగి కుడివైపు సీటు ముందుకి జరిపారు, నాకు కాళ్ళు అందాలని. చెవులకి పెట్టుకునే హెడ్‌సెట్ గుడ్డతో తుడిచి ఆ సీటు మీద పెట్టారు. ఈల వేస్తున్నారు. ఆయన ఈల వేయగా విని ఎన్నేళ్ళయిందో.

"కారు వేడి చేస్తాను, నువ్వు తలుపు లాగేసి రా" అని బయటికి నడిచారు.

నేను తలుపు లాగేసి వచ్చాను.

నా చెయ్యి ఏం చేసిందో ఆ సాయంత్రం నేను చూడలేదు. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నానో లెక్కలేదు. గుమ్మం, గోడ, స్విచ్, వేళ్ళకి గ్లవ్స్. టేపు ఉందా? ఏదో జిగురు పట్టుకున్నట్టు ఒక్కోసారి గుర్తొస్తుంది. అది నిజంగా జరిగిందో, నన్ను నేను తిట్టుకోవడానికి తర్వాత కల్పించుకున్నానో చెప్పలేను. దారిపొడుగునా ఆయన రేపటి గురించి చెబుతూనే ఉన్నారు. నేను ఊ కొడుతున్నాను. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఏదో ఒకటి అడ్డం వస్తే బాగుండును అనుకున్నాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పొద్దున ఆకాశం కడిగినట్టుంది. పులిహోర కట్టుకున్నాను, ఫ్లాస్కులో కాఫీ పోసుకున్నాను, తీర్థయాత్రకి వెళుతున్నట్టు. షెడ్డు చిన్న తలుపు తీసి ఆయన ముందు లోపలికి వెళ్ళారు. లోపల చీకటి. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. నెమ్మదిగా చెయ్యి చాపి స్విచ్ వేశారు. పైన ట్యూబులైటు రెండుసార్లు మిణికి వెలిగింది. దానితోపాటు ఇంజిన్ కింద ఎర్ర దీపం కూడా వెలిగింది. అప్పుడు నాకు అంతా అర్థమైంది. స్విచ్ కింద నేల మీద ఎండిపోయిన టేపు ముక్క పడుంది.

ఆయన బొంత కింద చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు ఇంజిన్‌ని తాకి చూశారు. చెయ్యి అక్కడే ఉంచేశారు.

నిజం చెబుతాను. నా గుండె మీద నుంచి పెద్ద బరువు దిగిపోయింది. హమ్మయ్య, ఇంక ఎక్కక్కర్లేదు అనుకున్నాను. ఆ ఒక్క క్షణం అదే అనుకున్నాను, ఇంకేమీ అనుకోలేదు. సరిగ్గా అప్పుడే ఆయన నా వైపు తిరిగారు. నా మొహంలో ఏముందో అది చూశారు. నేను వెంటనే మొహం మార్చుకున్నాను, అదీ చూశారు.

"అలవాటండీ. చూసుకోలేదు" అన్నాను.

"ఊ" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. ఉప్పు తక్కువైతే కంచం తోసేసే మనిషి, కారు తాళాలు కనిపించకపోతే ఇల్లు దద్దరిల్లేలా అరిచే మనిషి, ఆ రోజు ఊ అని ఊరుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇద్దరం హడావిడి పడ్డాం. ఎయిర్‌పోర్ట్ ఆఫీసు దగ్గర వేడిగాలి ఊదే బండి ఒకటి ఉంటుంది, పావుగంటలో ఇంజిన్‌ని వెచ్చబెడుతుంది. ఆయన ఆ చలిలో అంత దూరం నడిచి వెళ్ళారు. ఆదివారం, మధ్యాహ్నం దాకా ఎవరూ రారని తలుపు మీద రాసి ఉంది. పక్క షెడ్డు ఆయనకి గ్యాస్ హీటరు ఉంది గానీ, చలికాలం మొదలవగానే ఎండ కాసే చాండ్లర్‌లో కొడుకింటికి వెళ్ళిపోయాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదని సామెత. ఆ పూజారిని నేనే.

"ఒకసారి స్టార్ట్ చేసి చూడండి. ఒక్కసారికి ఏమవుతుంది?" అన్నాను. ఎగరడానికి భయపడే దాన్ని, ఆ మాట నేనే అన్నాను.

"చేయను" అన్నారు. బొంత సర్దుతూ, "కొనుక్కునే వాడికి మంచి ఇంజిన్ ఇస్తానని చెప్పాను" అన్నారు.

అలా మూడు గంటలు కూర్చున్నాం. మడత కుర్చీలు రెండు, మధ్యలో ఫ్లాస్కు. ఆయన పావుగంటకోసారి లేచి బొంత కింద చెయ్యి పెట్టి చూసి వచ్చేవారు. నేను ఆయన మొహం చూసేదాన్ని. పదిన్నరకి, కాస్త గోరువెచ్చగా తగులుతోంది అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మూడు గంటల్లో నా భయం ఎటు పోయిందో తెలియదు. ఎక్కుతాను, ఎక్కి తీరతాను, కళ్ళు కూడా మూసుకోను అని మనసులో మొక్కుకున్నాను. పదకొండు కాకముందే పడమటి వైపు ఆకాశం బూడిద రంగుకి తిరిగింది. ఆయన తలుపు దగ్గర నిలబడి చూస్తుండగానే మొదటి మంచు రేకులు రన్‌వే మీద పడ్డాయి.

"అయిపోయింది" అన్నారు.

వెళ్ళి ప్లగ్ తీసేశారు. వైరు శ్రద్ధగా చుట్టి మేకుకి తగిలించారు.

"పోనీ లోపల కూర్చుందామా కాసేపు? నేనొక్కసారి కూర్చుంటాను" అన్నాను.

"వద్దులే. చలి" అన్నారు.

బయటికి వస్తూ లైటు ఆయనే ఆర్పారు. ఆయన లైటు ఆర్పగా నేను చూడటం అదే మొదటిసారి.

ఇంటికి వచ్చేదాకా నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. పులిహోర డబ్బా ఒళ్ళో ఉంది. "నేను కావాలని చేయలేదండీ" అనాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆయన నన్ను ఏమీ అనలేదు కదా. అనని మాటకి జవాబు చెబితే, ఆ మాట నా మనసులోనే ఉన్నట్టు కాదా? అలా తటపటాయిస్తుండగానే ఇల్లు వచ్చేసింది. మర్నాడు ఆయన ఇన్సులిన్ మొదలుపెట్టారు. మొదటి ఇంజెక్షన్ నేనే ఇచ్చాను, అన్నేళ్ళు సూదులతోనే బతికిన దాన్ని కాబట్టి. ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. వసంతం రాగానే విమానం అమ్ముడుపోయింది. కొనుక్కున్నతను బొంత కూడా ఇమ్మన్నాడట, ఇచ్చేశారు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక గదిలో కూడా అనవసరంగా లైటు వెలగలేదు. బేస్‌మెంట్‌లోంచి వస్తే బేస్‌మెంట్ లైటు, గరాజ్‌లోంచి వస్తే గరాజ్ లైటు, ఒక్కటీ మర్చిపోకుండా ఆర్పేస్తారు. నలభై ఏళ్ళు మొత్తుకున్నా రానిది ఒక్క పూటలో వచ్చింది. మా అమ్మాయి ఫ్రిస్కో నుంచి వచ్చినప్పుడు, "నాన్న మారిపోయారే! ఎలా సాధించావమ్మా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఒకసారి కావాలనే గరాజ్ లైటు వేసి వదిలేశాను, ఆయన ఏమైనా అంటారేమోనని. ఆయన లేచి వెళ్ళి ఆర్పి వచ్చి పేపర్ చదువుకున్నారు.

నేరుగా అడగొచ్చు కదా అని మీరనొచ్చు. నాలుగేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నదీ అదే. "నేను కావాలని ఆర్పాననుకున్నారా?" అని అడిగితే, "ఛ, లేదే" అంటారు. ఇంకేమంటారు? ఆ లేదే అన్నది నా కోసం అన్నారో, నిజంగానే అన్నారో నాకెలా తెలుస్తుంది? నేను కావాలని ఆర్పలేదు. ఇది ఎవరి మీదైనా ఒట్టేసి చెప్పగలను. కానీ ఆ పొద్దున హమ్మయ్య అనుకున్నది మాత్రం నేనే, దాన్ని అలవాటు మీదికి నెట్టలేను. ఆయన చూసింది దాన్నే.

మొన్న సాయంత్రం వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాను. ఆయన మంచినీళ్ళు తాగడానికి వచ్చి, తాగి, గ్లాసు కడిగి బోర్లించి, లైటు ఆర్పేసి వెళ్ళిపోయారు. నేను అక్కడే ఉన్నాను, చేతిలో చిక్కుడుకాయతో.

"ఏవండీ, నేనిక్కడే ఉన్నాను" అన్నాను.

ఆయన వెనక్కి వచ్చి లైటు వేశారు.

"చూసుకోలేదే. అలవాటైపోయింది" అన్నారు.

ఆ రోజు హ్యాంగర్‌లో నేను చెప్పిన మాటా అదే. దాన్ని నమ్మడం ఎంత కష్టమో చిక్కుళ్ళ ముందు కూర్చుంటే తెలిసింది.